చదివింది తెల్లారేసరికి నిలవాలంటే: నిద్రను టైమ్‌టేబుల్‌లో ఎలా కలుపుకోవాలి

పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే ఆ పేజీ కళ్ళ ముందుకొస్తుంది. ఎడమ పక్క పేజీ, కింద బొమ్మ, బొమ్మ పక్కన పెన్సిల్‌తో గీసుకున్న గీత, అన్నీ గుర్తే. ఆ గీత మీదున్న వాక్యం మాత్రం రాదు. డిగ్రీ రెండో ఏడాదిలో నాకు సరిగ్గా ఇదే జరిగింది. ముందు రాత్రి కంటి మీద కునుకు లేకుండా నాలుగున్నర దాకా చదివాను. నాలుగున్నరకి అన్నీ వచ్చు. పదిన్నరకి సగం లేవు. నా జ్ఞాపకశక్తే అంత అని చాలా ఏళ్ళు అనుకున్నాను. తప్పు టైమ్‌టేబుల్‌ది. అందులో ఆరు సబ్జెక్టులకీ గడులున్నాయి, నిద్రకి లేదు. చదవగా ఏమైనా మిగిలితే అది నిద్రకన్నమాట.

ఆ టైమ్‌టేబుల్‌ని తిరగేసి ఎలా రాసుకోవాలో ఇక్కడ చెబుతాను. ఒక మాట మాత్రం ముందే అనుకుందాం. నిద్ర మనకి కొత్తగా ఏమీ నేర్పదు. లోపల వేసుకున్నదాన్ని గట్టిపరుస్తుంది, అంతే. పుస్తకం తెరవకుండా ఎనిమిది గంటలు పడుకుంటే ఒళ్ళు తేలికవుతుంది గానీ పాఠం రాదు. పడుకుంటే మార్కులు వస్తాయని చెప్పే వీడియోలను అందుకే నేను నమ్మను.

రాత్రి లోపల ఏం జరుగుతుంది

పగలు మనం చదివింది మొదట హిప్పోకాంపస్ అనే చిన్న భాగంలో చేరుతుంది. మెదడులో రెండు పక్కలా, చెవుల దగ్గర లోపలి వైపు ఉంటుంది అది. దాన్ని రఫ్ నోట్స్ అనుకోండి. గబగబా రాసుకోవడానికి బాగుంటుంది. కానీ ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతుంటుంది. ఎక్కువకాలం నిలవాల్సిన విషయాలు మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోకి ఎక్కాలి. అది ఫెయిర్ నోట్స్. ఈ రఫ్ నుంచి ఫెయిర్‌లోకి ఎక్కించే పనిలో పెద్ద భాగం మనం పడుకున్నాకే జరుగుతుంది.

ఎలుకల మెదడులో దీన్ని నేరుగా చూశారు. ఎలుక ఒక చోట తిరుగుతున్నప్పుడు హిప్పోకాంపస్‌లో కొన్ని కణాలు కలిసి పనిచేస్తుంటాయి. ఆ తర్వాత అది పడుకున్నప్పుడు అవే కణాలు మళ్ళీ కలిసి మేలుకుంటున్నాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. పగలు నడిచిన దారిని మెదడు నిద్రలో ఇంకోసారి నడుస్తోందన్నమాట. మనుషుల్లోనూ గాఢనిద్రలో సెకనుకి ఒకటి కంటే తక్కువ లెక్కన పెద్ద పెద్ద అలలు మెదడంతా సాగుతుంటాయి. వాటి మీద చిన్న చిన్న విద్యుత్ జోరులు వస్తుంటాయి. కాగితం మీద గీసి చూస్తే అవి మధ్యలో ఉబ్బి, రెండు చివర్లా సన్నబడి, అచ్చం కదురులా ఉంటాయి. పేరు కూడా అదే, స్పిండిల్స్. రఫ్ నోట్స్ పేజీలు తిరిగేది ఈ అలల తాళంలోనే.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. నిద్ర రాత్రంతా ఒకేలా సాగదు. సుమారు 90 నిమిషాలకో చుట్టు చొప్పున నాలుగైదు చుట్లు తిరుగుతుంది. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారే కొద్దీ కలల నిద్ర, తేలికపాటి నిద్ర పెరుగుతాయి. కాబట్టి ఎనిమిది గంటల్లో చివరి రెండు గంటలు కోసేస్తే పోయేది నాలుగో వంతు నిద్రే కాదు. చివర్లో మాత్రమే దండిగా దొరికే రకం నిద్రలో పెద్ద ముక్కే పోతుంది.

మొదటి పని: లేచే టైమ్ ఖాయం చేయండి

ఎన్నింటికి పడుకోవాలి అని మొదలుపెట్టకండి. ఎన్నింటికి లేవాలన్నది ముందు తేల్చుకోండి. నిద్ర రమ్మంటే రాదు కాబట్టి పడుకునే టైమ్ సగమే మన చేతిలో ఉంటుంది. లేచే టైమ్‌కి అలారం ఉంది. రోజూ ఒకే టైమ్‌కి లేచి, లేవగానే కాసేపు వెలుతురులోకి వెళ్తే, కొన్నాళ్ళకి రాత్రి నిద్ర కూడా దాని వెనకే దారికొస్తుంది. సెలవు రోజున మరో గంట పడుకుంటే కొంప మునగదు. మూడు గంటలు ఎక్కువ పడుకుంటే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లాల్సిందే.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం చెప్పే లెక్క ఇది: 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు, పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలు. పదిహేడేళ్ళ విద్యార్థి పొద్దున 6 గంటలకి లేవాలంటే రాత్రి 10 కల్లా నిద్రలో ఉండాలి. పడుకోగానే ఎవరికీ నిద్ర పట్టదు కాబట్టి 9:40కి దీపం ఆర్పాలి. ఆ 9:40ని టైమ్‌టేబుల్‌లో అన్నిటికంటే ముందు రాయండి, పెన్నుతో. సబ్జెక్టులు పెన్సిల్‌తో రాసుకోండి. జరపాల్సి వస్తే వాటిని జరపండి.

తెల్లవారుజామున లేచి చదివితే బాగా ఎక్కుతుందని అందరూ అంటారు. తొమ్మిదింటికి పడుకున్నవాళ్ళకి అది నిజమే. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేచేవాళ్ళకి కాదు. పైగా టీనేజ్‌లో ఒంట్లోని గడియారమే కాస్త ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి పదింటికి కూడా వాళ్ళకి నిద్ర రాదు, పొద్దున లేపితే కళ్ళు తెరుచుకోవు. పెద్దవాళ్ళు దాన్ని బద్ధకం అనుకుంటారు గానీ, ఆ వయసు తీరే అంత. అలాంటి పిల్లల్ని నాలుగింటికి లేపి కూర్చోబెడితే పుస్తకం తెరిచి ఉంటుంది, అంతకు మించి జరిగేది తక్కువ.

"నాకు ఆరు గంటలు చాలు, అలవాటైపోయింది" అనేవాళ్ళు ఈ ముక్క కాస్త జాగ్రత్తగా చదవాలి. 2003లో వచ్చిన ఒక ప్రయోగంలో కొందరిని రెండు వారాల పాటు రోజుకి 8 గంటలు, కొందరిని 6, కొందరిని 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. ఆరు గంటలూ అంతకంటే తక్కువా పడుకున్నవాళ్ళ చురుకుదనం రోజురోజుకీ తగ్గుతూ పోయింది. రెండు వారాలు తిరిగేసరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ళ స్థాయికి దిగిపోయింది. తమాషా ఏమిటంటే వాళ్ళకి ఆ సంగతి తెలియలేదు. నిద్రమత్తుగా ఉందా అని అడిగితే, మొదటి రోజుల తర్వాత పెద్దగా లేదన్నట్టే చెప్పారు. అలవాటైంది నిద్రమత్తు. నష్టం నష్టంగానే ఉంది.

రెండో పని: పాఠం మధ్యలో ఒక రాత్రిని పెట్టండి

ఒక పాఠానికి రెండు గంటలు ఇద్దామనుకున్నారనుకోండి. ఆ రెండు గంటలూ ఒకే సాయంత్రం కూర్చోకండి. సాయంత్రం గంటంపావు, మర్నాడు పొద్దున ముప్పావుగంట పెట్టుకోండి. మొత్తం అంతే. మధ్యలో ఒక రాత్రి ఉంటుంది, అదే తేడా.

ఫ్రాన్స్‌లో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. కొందరికి స్వాహిలీ అనే ఆఫ్రికా భాషలోని 16 మాటలు, వాటి అర్థాలు నేర్పించారు. సగం మంది పొద్దున నేర్చుకుని అదే రోజు సాయంత్రం మళ్ళీ కూర్చున్నారు. మిగతా సగం సాయంత్రం నేర్చుకుని, పడుకుని, పొద్దున మళ్ళీ కూర్చున్నారు. ఇద్దరికీ మధ్యలో 12 గంటలే. కానీ రెండోసారి మొత్తం నోటికి రావడానికి, మధ్యలో నిద్రపోయినవాళ్ళకి మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగం సార్లు చదివితే సరిపోయింది. ఆరు నెలల తర్వాత అడిగినా వాళ్ళకే ఎక్కువ గుర్తుంది. చదివే శ్రమ సగానికి తగ్గే కిటుకు ఇంకేదైనా ఉంటే నాకు తెలీదు.

ఈ సంగతి పూర్తిగా కొత్తదీ కాదు. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవాళ్ళు ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల జాబితాలు నేర్పించి, కొన్నిసార్లు పడుకోనిచ్చి, కొన్నిసార్లు మేలుకొని ఉండనిచ్చి, తర్వాత అప్పజెప్పించారు. నిద్ర తర్వాతే ఎక్కువ గుర్తున్నాయి. పడుకున్నప్పుడు కొత్త విషయాలు వచ్చి పాతవాటి మీద పడవు కాబట్టి అలా జరిగిందని అప్పట్లో వాళ్ళు సరిపెట్టుకున్నారు. అదీ ఉంది, కానీ అదొక్కటే కాదని ఇప్పుడు తెలుసు.

మూడో పని: పడుకునే ముందు చీటీ రాయండి

అన్నిటిలోకీ ఇదే ముఖ్యం, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పడుకోవడానికి ఓ గంట ముందు ఆ రోజు చదివిన పుస్తకం మూసేయండి. అరచేతిలో పట్టే కాగితం ముక్క తీసుకోండి. ఆ రోజు పాఠం నుంచి ఆరేడు ప్రశ్నలు, మీ మాటల్లో రాయండి. జవాబులు రాయొద్దు. తర్వాత ఒక్కో ప్రశ్నకీ పుస్తకం చూడకుండా నోటితో జవాబు చెప్పుకోండి. వచ్చినదానికి టిక్కు, రానిదానికి చుక్క.

ఉదాహరణకి గుండెలో రక్తం తిరిగే పాఠం తీసుకుందాం. శరీరం నుంచి రక్తం మొదట కుడి కర్ణికలోకి వస్తుంది, అక్కడి నుంచి కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, చివరికి బృహద్ధమని. చదువుతున్నంతసేపూ అంతా తేలిగ్గానే ఉంటుంది. చీటీ మీద "పుపుస ధమనిలో ఉండేది ఏ రక్తం?" అని రాసి పుస్తకం మూయగానే తడబాటు మొదలవుతుంది. ధమని అంటే ఆక్సిజన్ ఉన్న రక్తమే కదా అనిపిస్తుంది. కాదు. గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ఏదైనా ధమనే. పుపుస ధమని ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని ఊపిరితిత్తులకి తీసుకెళ్తుంది. ఈ తప్పు రాత్రి తొమ్మిదింటికి బయటపడిందంటే మీరు అదృష్టవంతులు. పుస్తకం తెరిచి ఆ ఒక్క ముక్కే చూసుకుని, మూసేసి, ఇంకోసారి చెప్పుకుని వదిలేయండి. తప్పుని తప్పుగానే నిద్రలోకి తీసుకెళ్ళడం కంటే ఇది చాలా నయం.

జవాబు చూడకుండా గుర్తుచేసుకోవడం, మళ్ళీ మళ్ళీ చదవడం కంటే ఎక్కువకాలం నిలుస్తుందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. దానికి తోడు ఇంకో విషయం ఉంది. మెదడు అన్నిటినీ ఒకేలా చూడదు. రేపు దీని మీద పరీక్ష ఉందని తెలిసినవాళ్ళకి నిద్ర వల్ల కలిగిన లాభం, తెలియనివాళ్ళకి కలగలేదని 2011లో జర్మనీలో జరిగిన ఒక పరిశోధన చూపించింది. చీటీ రాసేటప్పుడు కింద "పొద్దున ఆరున్నరకి దీని మీదే పరీక్ష" అని రాయమని నేను చెప్పేది అందుకే. పరీక్ష పెట్టేది మీరే, రాసేది మీరే. అయినా లోపలికి కబురు అందుతుంది.

చీటీ అయ్యాక ఓ పది నిమిషాలు ఊరికే కూర్చోండి. పాట వద్దు, ఫోన్ వద్దు, మాటలూ వద్దు. ఏదైనా విన్న వెంటనే పది నిమిషాలు ఇలా కళ్ళు మూసుకుని ఖాళీగా ఉంటేనే వారం తర్వాత కూడా ఎక్కువ గుర్తుంటున్నట్టు 2012లో ఒక ప్రయోగం చూపించింది. మనం ఆ పది నిమిషాల్నీ చిన్న చిన్న వీడియోలతో నింపేస్తాం. రఫ్ నోట్స్ మీద ఇంకు ఒలకబోసుకోవడమే అది.

ఈ గంటలో కొత్త పాఠం మాత్రం మొదలుపెట్టకండి. అర్థం కాని లెక్క అసలే వద్దు. టెన్షన్ పడితే నిద్రా పట్టదు, లెక్కా రాదు.

ఇక నిద్రలో పాఠాలు వినిపించే ఆడియోల సంగతి. 1950ల్లోనే మెదడు తరంగాలు కొలుస్తూ పరీక్షించి చూశారు. నిజంగా నిద్రలో ఉన్నప్పుడు వినిపించిన విషయాలు మర్నాడు గుర్తులేవు. కొత్తది ఎక్కదు గానీ, నేర్చుకున్నదాన్ని నిద్రలో తట్టి లేపవచ్చేమో అనేది వేరే కథ. 2007లో జర్మనీలో కార్డుల జతలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకునే ఆట ఆడిస్తూ గులాబీ వాసన చూపించారు, గాఢనిద్రలో మళ్ళీ అదే వాసన వదిలారు. పొద్దున కార్డులు ఇంకా బాగా గుర్తున్నాయి. వినడానికి ఎంతో బాగుంది కదా. కానీ సరిగ్గా గాఢనిద్రలో ఉన్నప్పుడే వాసన వదలాలి, దానికి తలకి తీగలు తగిలించి పక్కన ఒకరు కాపలా కూర్చోవాలి. ఇంట్లో అయ్యే పని కాదు. చీటీ చాలు.

నాలుగో పని: నిద్రకి అడ్డొచ్చేవి తీసేయండి

కాఫీ, టీ. పగలు మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, దానివల్లే రాత్రికి నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో తాను కూర్చుంటుంది. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే చాలామందికి ఐదు గంటల దాకా పడుతుంది. పడుకునే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూస్తే, నిద్ర గంటకు పైగా తగ్గిపోయింది. అది నాలుగు కప్పుల కాఫీ లెక్క, నిజమే. అయినా మధ్యాహ్నం రెండు దాటాక వద్దని పెట్టుకుంటే గొడవ ఉండదు. "నేను రాత్రి కాఫీ తాగినా నిద్రపడుతుంది" అంటారు కొందరు. పడుతుంది, కానీ లోతు తగ్గుతుంది. మనకి కావల్సిందే ఆ లోతు.

ఫోన్. వెలుతురు సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు అందులో ఏముందన్నదే. ఫోన్‌ని ఇంకో గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. అలారం కోసం కావాలంటే ఒక మామూలు అలారం గడియారం కొనుక్కోండి. ఫోన్ పక్కలో ఉంటే సంకల్పం ఎంత గట్టిదైనా పదకొండున్నర అవుతుంది. నాకైతే అయ్యేది.

తలలో తిరిగే పనులు. "రేపు ఫీజు కట్టాలి, రికార్డు సబ్మిట్ చేయాలి, వాడికి ఫోన్ చేయాలి" అని పడుకోగానే వరస మొదలవుతుంది. ఐదు నిమిషాలు కూర్చుని రేపు చేయాల్సిన పనులన్నీ కాగితం మీద పెట్టండి. పనులు ఎంత విడివిడిగా, వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టిందని 2018లో ఒక ప్రయోగంలో తేలింది. అయిపోయిన పనులు రాసుకున్నవాళ్ళకంటే, చేయాల్సినవి రాసుకున్నవాళ్ళు సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

గది చల్లగా, చీకటిగా ఉండాలి. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చటి కంటే కాస్త వేడిగా ఉన్న నీళ్ళతో స్నానం చేస్తే త్వరగా నిద్రపడుతుంది. వేడి వల్ల చర్మంలోకి రక్తం ఎక్కువగా వచ్చి, తర్వాత ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఒళ్ళు చల్లబడటమే నిద్రకి పిలుపు.

ఐదో పని: పొద్దున చీటీ తీయండి

లేచి ముఖం కడుక్కుని, ఫోన్ ముట్టుకోకముందే చీటీ తీయండి. అవే ప్రశ్నలు. పుస్తకం చూడకుండా జవాబులు చెప్పండి. నిన్న చుక్క పెట్టినవాటిలో ఒకటి రెండు ఈ రోజు గడగడా రావడం చూసి మొదట్లో ఆశ్చర్యపోతారు. కొన్ని నిన్న వచ్చినవి ఈ రోజు రావు. వాటి పక్కన గీత పెట్టండి. ఆ గీతలున్నవే ఈ రోజు ముప్పావుగంటలో చూడాల్సినవి. మిగతా పాఠం ముట్టుకోనక్కర్లేదు. చీటీ పారేయకండి, తేదీ వేసి ఒక డబ్బాలో పడేయండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి తీసి చూసుకుంటే చాలు.

లేచిన మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు బుర్ర పూర్తిగా మేలుకోదు. ఆ టైమ్‌లో జవాబు రాలేదని గాబరా పడొద్దు. నీళ్ళు తాగి, నాలుగు అడుగులు వేసి మళ్ళీ ప్రయత్నించండి.

కునుకు సంగతి

మధ్యాహ్నం పుస్తకం ముందు తల వాలిపోతుంటే పోరాడకండి. 20 నిమిషాలకి అలారం పెట్టి పడుకోండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతారు, మధ్యలో లేస్తే తల దిమ్ముగా ఉండి ఇంకో అరగంట వృథా. మరీ అలసిపోయి, టైమ్ కూడా ఉంటే 90 నిమిషాలు, అంటే ఒక చుట్టు పూర్తిగా పడుకోవచ్చు. మూడు దాటాక మాత్రం వద్దు, రాత్రి నిద్రకి గండి పడుతుంది. కునుకు రాత్రి నిద్రకి బదులు కాదు. అది సాయంత్రం చదువుకి ఖాళీ పేజీలు తెచ్చిపెడుతుంది.

చేతితో నేర్చే పనులకి

టైపింగ్, వాయిద్యం, ఈత, బొమ్మలు గీయడం. వీటికి నిద్ర ఇంకా ముచ్చటగా పనిచేస్తుంది. 2002లో ఒక ప్రయోగంలో ఎడమచేతి నాలుగు వేళ్ళకి 4-1-3-2-4 అనే వరస ఇచ్చి, 30 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టగలరో చూశారు. పొద్దున నేర్చుకుని పగలంతా మెలకువగా ఉండి సాయంత్రం కొడితే వేగం పెద్దగా పెరగలేదు. పడుకుని లేచాక, మధ్యలో ఒక్కసారి కూడా సాధన చేయకుండానే, సుమారు 20 శాతం పెరిగింది. ఎక్కువగా పెరిగింది తెల్లవారుజామున వచ్చే తేలికపాటి నిద్ర బాగా పట్టినవాళ్ళకి. మనం అలారంతో కోసేది ఆ ముక్కనే.

నేను టైపింగ్ నేర్చుకునేటప్పుడు ఒక వరస దగ్గర వేళ్ళు తడబడేవి. రాత్రి నలభై సార్లు కొట్టినా అక్కడే ఆగేది. విసిగి పడుకుంటే పొద్దున నాలుగో సారికే జారిపోయింది. అందుకే ఇప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి ఇది: కష్టంగా ఉన్న ఆ చిన్న ముక్కని సాయంత్రం నెమ్మదిగా, తప్పు లేకుండా పది పదిహేను సార్లు చేసి ఆపేస్తాను. వచ్చేదాకా కొట్టను. వేగం పొద్దున చూసుకుంటాను.

లెక్క తెగనప్పుడు

కొన్ని లెక్కలకి బట్టీ పనికిరాదు, దారి తట్టాలి. 2004లో జర్మనీలో కొందరికి అంకెల వరసలు ఇచ్చి, వరసగా అడుగులు వేస్తూ జవాబు కనుక్కోమన్నారు. అందులో ఒక దొంగదారి ఉంది, చెప్పలేదు. మధ్యలో పడుకుని లేచినవాళ్ళలో ఆ దొంగదారి పట్టుకున్నవాళ్ళు, మేలుకొని ఉన్నవాళ్ళలో కంటే రెట్టింపు పైనే. వాళ్ళంతా పడుకునే ముందు కాసేపు ఆ లెక్కలతో కుస్తీ పట్టినవాళ్ళేనన్నది గమనించండి. కాబట్టి లెక్క అరగంట ప్రయత్నించి, ఎక్కడ ఆగారో ఒక వాక్యంలో రాసి, వదిలేయండి. ఇది సాయంత్రం ఏడు లోపు చేయండి, పడుకునే ముందు కాదు.

పక్కన కాగితం, పెన్ను ఉంచుకోండి. నాడుల మధ్య కబురు రసాయనాల ద్వారా కూడా వెళ్తుందని చూపించి 1936లో నోబెల్ అందుకున్న ఓటో లోవీకి ఆ ప్రయోగం ఆలోచన నిద్రలోనే వచ్చింది. లేచి గీకి పడుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. అదృష్టం బాగుండి మర్నాడు రాత్రి మూడింటికి మళ్ళీ అదే ఆలోచన వచ్చింది. ఈసారి రాయడం మానేసి నేరుగా ప్రయోగశాలకి వెళ్ళాడట. ఆయనే చెప్పుకున్న కథ ఇది. మనకి రెండోసారి వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి దీపం వేసి, అర్థమయ్యేలా రాయండి.

పరీక్ష వారంలో

అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో సుమారు వంద మంది విద్యార్థుల చేతులకి నిద్ర కొలిచే పట్టీలు తగిలించి ఒక సెమిస్టరంతా చూశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష ముందు ఒక్క రాత్రి ఎంత పడుకున్నారన్నదానికీ మార్కులకీ సంబంధం కనబడలేదు. అంతకు ముందు వారం, నెల ఎంత, ఎంత క్రమంగా పడుకున్నారన్నదానికి ఉంది. పాఠాలు లోపల కుదురుకున్నది ఆ రాత్రుల్లోనే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఇందులో రెండు మాటలున్నాయి. నెలంతా మేలుకొని, ముందు రాత్రి ఒక్కటీ బాగా పడుకుంటే పెద్దగా ఒరగదు. టెన్షన్‌లో ఆ ఒక్క రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోయినా కొంప మునిగిపోదు. ఈ రెండో మాట పిల్లలకి పరీక్ష ముందు రోజు తప్పకుండా చెప్పండి. నిద్ర పట్టలేదన్న దిగులే చాలాసార్లు నిద్ర పట్టకుండా చేస్తుంది.

అలాగని నైట్ అవుట్ చేయమని కాదు. 17, 19 గంటలు ఏకధాటిగా మేలుకొని ఉంటే మెదడు చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అంత మత్తులో పరీక్ష రాస్తానంటే మనం ఎవర్నైనా ఆపుతాం.

సరే, పరిస్థితి చెయ్యి దాటింది. రాత్రి పదకొండైంది, నాలుగు పాఠాలు మిగిలాయి, ఏడింటికి లేవాలి. నేనైతే ఇలా చేస్తాను. నాలుగింటిలో తప్పకుండా ప్రశ్నలొచ్చే రెండు తీసుకుంటాను, మిగతా రెండింటికి దండం పెట్టేస్తాను. పన్నెండున్నర దాకా ఆ రెండూ చదివి, చీటీలు రాసి పడుకుంటాను. ఆరున్నర గంటల నిద్ర. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలోనే కాబట్టి అది చాలావరకు దక్కుతుంది. పొద్దున చీటీలు మాత్రమే చూస్తాను. నాలుగూ సగం సగం చదివి మేలుకొని వెళ్ళడం కంటే, రెండు గట్టిగా పట్టుకుని వెళ్ళడంలో మార్కులు ఎక్కువ. పరీక్ష అయ్యాక ఆ రాత్రి ఎప్పటి టైమ్ కంటే గంట ముందు పడుకోండి.

నిద్ర పట్టకపోతే

ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే పక్కలో దొర్లకండి, గడియారం వైపు చూడకండి. లేచి, మసక వెలుతురులో ఏదైనా ఆసక్తి లేని పని చేయండి, బట్టలు మడతపెట్టడం లాంటిది. కళ్ళు మూతలు పడుతుంటే వచ్చి పడుకోండి. పక్క మీద కూర్చుని చదవడం మానేయాల్సిందీ ఇందుకే. పక్క అంటే నిద్రే అని ఒంటికి గుర్తుండాలి, పుస్తకాలు గుర్తు రాకూడదు.

వారానికి మూడు రాత్రులకు పైగా ఇలాగే జరుగుతూ మూడు నెలలు దాటితే, లేదా ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కళ్ళు మూతలు పడుతుంటే, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని పక్కవాళ్ళు చెబితే, డాక్టర్‌కి చూపించండి. అది క్రమశిక్షణ లోపం కాదు, చీటీలతో పోదు. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే మూడో రోజుకే వదిలేస్తారు. ఈ వారం లేచే టైమ్, చీటీ, ఈ రెండే చేయండి. చీటీ వెనకాల ప్రతి పొద్దునా రెండు అంకెలు రాయండి: ఎన్ని గంటలు పడుకున్నారు, ఏడు ప్రశ్నల్లో ఎన్ని వచ్చాయి. పద్నాలుగు చీటీలయ్యాక నేల మీద వరసగా పేర్చి చూసి, కాఫీ సంగతి, ఫోన్ సంగతి అప్పుడు తేల్చుకోండి.